ట్రంకు పెట్టె తెరిచాకే సంతకం పెట్టండి: హైదరాబాద్ పాత ఇళ్ల వారసులకు బహిరంగ లేఖ

పాతబస్తీ దేవిడీలకు, అంటే అప్పటి పెద్ద కుటుంబాల భవంతులకు, హుస్సేనీ ఆలం, షాలిబండ, చాదర్‌ఘాట్, సుల్తాన్ బజార్, కాచిగూడ, సికింద్రాబాద్ పాత ఇళ్లకు వారసులైన అందరికీ,

నమస్కారం. ఆదాబ్.

మీలో చాలామందిని నేను ఎప్పుడూ కలవలేదు. మీ ఇంటిని మాత్రం చూశాను. గేటుకు తుప్పు పట్టిన తాళం, పిట్టగోడలో మొలిచిన రావిమొక్క, రోడ్డు వైపు గదుల్లో మూడు తరాలుగా ఉంటున్న కిరాయిదారులు, లోపల ఒక్క గదిలో దీపం. వాటాదారులు పదిహేను మంది ఉంటారు. నలుగురు అమెరికాలో, ఒకరు జెద్దాలో. సిటీ సివిల్ కోర్టులో పార్టిషన్ సూటు నడుస్తూ ఉంటుంది. ఈలోగా ఒక బిల్డర్ వచ్చి డెవలప్‌మెంట్‌కి ఇమ్మని అడుగుతాడు. ఒక పెళ్లిలోనో, చావు దగ్గరో అందరూ కలిసినప్పుడు మాట కుదురుతుంది.

ఇల్లు అమ్మవద్దని మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. వానాకాలం వస్తే కారే మిద్దెను బాగు చేయించడానికి ఎంత అవుతుందో నాకు తెలుసు. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం ఎంత కష్టమో కూడా తెలుసు. ఎందుకంటే మేమూ అమ్ముకున్నవాళ్లమే. నేను అడిగేది సంతకం పెట్టే ముందు మీరు చేయాల్సిన ఒక పని గురించి. మేము చేయని పని అది.

మా ఇల్లు కాచిగూడలో ఉండేది. తాతగారు వకీలు. పాలమూరు వైపు నుంచి వచ్చి, ప్రాక్టీసు కుదిరాక 1340 ఫసలీలో కట్టించారు. ఇంగ్లీషు లెక్కలో 1930 - 31. అడుగున్నర మందం గోడలు, షాబాదు బండల నేల, నడిమధ్య చిన్న హౌజు, ముందు గది ఆయన దఫ్తరు. రెవెన్యూ వ్యాజ్యాలు ఎక్కువగా చూసేవారు. మక్తాలు, ఇనాములు, జాగీరు వాటాలు, ఇలాంటి భూముల తగాదాలు. కేసు కాగితాలన్నీ ఎర్ర గుడ్డలో కట్టిన బస్తాలుగా అలమరలో ఉండేవి. ఆయన పోయాక వాటిని మూడు ట్రంకు పెట్టెల్లోకి మార్చారు. ఆ తర్వాత యాభై ఏళ్లు వాటిని ఎవరూ తెరవలేదు.

2009లో ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. ఖాళీ చేయాల్సిన ఆఖరి రోజు పొద్దున పాత కాగితాలు కొనేవాణ్ని పిలిచాం. పెట్టెలు తెరిస్తే అంతా ఉర్దూ, అందులో సగం గొలుసుకట్టు షికస్తా. మాలో ఒక్కరికీ చదవడం రాదు. చదవడం రాని కాగితం పనికిరాని కాగితమని అనుకున్నాం. అతను ఒక్కో బస్తాను తీసి, ఎర్ర గుడ్డ విప్పి పక్కన పడేసి, కాగితాలు మాత్రం కాటా మీద పెట్టాడు. గుడ్డ బరువు కలవకూడదని. మొత్తం నలభై రెండు కిలోలు. కిలో ఆరు రూపాయలు. రెండు వందల యాభై రెండు రూపాయలు నా చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో సామాను దించుతున్న కూలీలకు చాయ్, సమోసాలు తెప్పించాం.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది నాన్న, బాబాయిలు. కాటా దగ్గర నిలబడింది నేను. ఈ ఉత్తరం రాస్తున్న ఫ్లాటు కూడా ఆ స్థలంలోదే, మూడో అంతస్తు.

ఆ రోజు మిగిలింది ఒక్కటే, మా నానమ్మ పద్దుల పుస్తకం. వంటింట్లో బియ్యం డబ్బా ఒక పక్కకి ఒరగకుండా కింద ఎత్తుకు పెట్టి ఉండటంతో బయటపడింది. తెలుగులో రాసింది, పెన్సిలుతో. ఉప్పు, చింతపండు, కట్టెలు, చాకలికి ఇచ్చినవి, అన్నీ నిజాం రాజ్యపు రూపాయి హాలీ సిక్కా లెక్కలో. 1948 సెప్టెంబర్ పేజీలో 13వ తేదీ దగ్గర "పాలు రాలేదు. బజారు బందు" అని ఉంది. తర్వాత నాలుగు రోజులూ ఖాళీ గీతలు. 18, శనివారం దగ్గర "పాలు 2 సేర్లు, తమలపాకులు, మిఠాయి అర్ధసేరు" అని రాసి ఉంది.

ఆ రోజుల్లో భారత సైన్యం వచ్చి నిజాం పాలనను ముగించిన పోలీస్ యాక్షన్ గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. కాచిగూడలో ఒక ఇంట్లో ఆ అయిదు రోజులూ పాలు రాలేదని, ఆరో రోజు మిఠాయి వచ్చిందని చెప్పేది ఈ ఒక్క పేజీయే. అదే వారం హుస్సేనీ ఆలంలో ఒక ఇంట్లో మిఠాయి వచ్చి ఉండదు. ఆ ఇంట్లో ఆ రాత్రులు ఎలా గడిచాయో చెప్పే పుస్తకం ఆ ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండాలి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ ఊరి కథ ఎవరికీ పూర్తిగా అర్థం కాదని నేను నమ్ముతున్నాను. మా పేజీ దాచి ఉంచాను. మీ పేజీ కోసమే ఈ ఉత్తరం.

మాల్వాలా దేవిడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. చార్మినార్ దగ్గర 1845లో కట్టిన ఇల్లు, చెక్క పనితనానికి పేరు పడింది. మాల్వాలాలు మాథుర్ కాయస్థులు. మొదటి నిజాం ఆసఫ్ జా వెంట ఉత్తరాది నుంచి దక్కనుకు వచ్చిన కుటుంబం. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలు రెండు దఫ్తర్లలో ఉండేవి. మరాఠ్వాడా లెక్కలు దఫ్తర్-ఎ-దివానీలో, రాయ్ రాయన్ కుటుంబం చేతిలో. తెలంగాణ లెక్కలు దఫ్తర్-ఎ-మాల్‌లో, మాల్వాలాల చేతిలో. ఆ 'మాల్' నుంచే వాళ్లకు మాల్వాలాలని పేరు. మన తాతముత్తాతల ఊళ్ల శిస్తులు, ఇనాములు, ఎవరికి ఏ మక్తా దక్కిందో ఆ వివరాలు తరతరాలుగా ఆ ఒక్క కుటుంబం కాపాడింది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను మార్చడం మొదలుపెట్టాక ఆ దఫ్తర్ల పెత్తనం తగ్గింది. కాగితాలు మాత్రం పోలేదు. ప్రభుత్వ రికార్డు ఆఫీసుకు చేరాయి. తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పునాది ఆ పాత దఫ్తర్ల కాగితాలే.

ఇల్లు మాత్రం 2000లో నేలమట్టమైంది.

చార్మినార్ దగ్గరికి గాజులు కొనడానికి వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. రాజ్యం లెక్కలు రాసిన కుటుంబం ఇల్లు పోయింది, వాళ్లు రాసిన కాగితం మిగిలింది. మా ఇంట్లో ఇల్లూ పోయింది, కాగితమూ పోయింది. ఇల్లు నిలబెట్టడానికి లక్షలు కావాలి. కాగితం నిలబెట్టడానికి ఒక పొడి గది, కొంచెం శ్రద్ధ చాలు. ఆ కొంచెం శ్రద్ధ మాకు లేకపోయింది.

ఇంకో రెండు ఇళ్ల గురించి చెప్పాలి. 1949 మార్చి 2న ఈ ఊరికి సంబంధించిన ఇద్దరు పోయారు. లక్నోలో, గవర్నర్‌గా ఉండగా సరోజినీ నాయుడు. హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, పైన చెప్పిన మొదటి సాలార్‌జంగ్ మనవడు. ఒకే రోజు. ఆవిడకు పిల్లలున్నారు. ఆయనకు పెళ్లే కాలేదు.

సరోజినీ నాయుడి ఇల్లు అబిడ్స్ దగ్గర గోల్డెన్ త్రెషోల్డ్. ఆ పేరు 1905లో వచ్చిన ఆవిడ మొదటి కవితా సంపుటిది. ఆవిడ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేట్ చేసి ఇక్కడికొచ్చి, తర్వాత నిజాం కాలేజీగా మారిన కాలేజీని నడిపారు. చాందా రైల్వే వ్యవహారంలో ప్రభుత్వాన్ని నిలదీసినందుకు 1883లో ఆయన్ను రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. తర్వాత మళ్లీ రానిచ్చారు. కూతురు బెంగాలీ బ్రాహ్మణుల అమ్మాయి, అల్లుడు డాక్టర్ గోవిందరాజులు నాయుడు, మన తెలుగువాడు. 1898లో మద్రాసులో ఆ పెళ్లి జరిపించింది కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఒక ఇంట్లో బెంగాలీ, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, నాలుగు భాషలు. ఆ ఇంటి కొడుకు, సరోజిని తమ్ముడు వీరేంద్రనాథ్ విప్లవకారుడై యూరప్‌లోనే బతుకు వెళ్లదీశాడు. ఇంకో కొడుకు హరీంద్రనాథ్ కవి, నటుడు. గాంధీజీ వచ్చిన ఇల్లది. 1908లో మూసీ వరద ఊరిని ముంచినప్పుడు బాధితుల కోసం సరోజిని తిరిగిందీ ఈ ఊళ్లోనే. అలాంటి ఇంటిని ఆవిడ కూతురు పద్మజా నాయుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1974లో పుట్టిన ఆ యూనివర్సిటీ మొదటి అడుగులు వేసింది ఆ ఇంట్లోనే. అబిడ్స్‌లో ఆ స్థలం అమ్మితే ఎంత వచ్చేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

సాలార్‌జంగ్‌కు సంతానం లేదు గనుక బంధువులే వారసులు. ఆయన పోగుచేసిన వస్తువులను వాళ్ల భవంతి దివాన్ దేవిడిలోనే సర్దారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి మ్యూజియంగా తెరిచారు. వాటాల గొడవ కోర్టుదాకా వెళ్లింది. చివరికి 1958లో వారసులంతా హైకోర్టులో రాజీపత్రం రాసుకుని మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చారు. ఈరోజు గంట కొట్టే గడియారం ముందు పిల్లలు కూర్చుని పన్నెండు ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నారంటే ఆ వారసులు ఒక్కమాట మీదికి రావడం వల్లే. అందుకే వాటాదారులు ఎక్కువమంది, ఎవరితో ఏం మాట్లాడతాం అని మీరంటే నేను ఒప్పుకోను. వాళ్లు కూడా తక్కువమందేం కాదు.

అయితే ఆ కథలోనూ ఒక లోటు ఉంది. 1968లో వస్తువులు కొత్త భవనానికి వెళ్లాయి. వెనక దివాన్ దేవిడి కరిగిపోయింది. గోడల్లో చైనా పింగాణీ పొదిగిన చీనీఖానా, అద్దాల ఆయినాఖానా, ఏవీ లేవు. కమాన్లు మిగిలాయి. దివాన్ దేవిడి అంటే ఇవాళ రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ బజారు. వస్తువు గాజు పెట్టెలో భద్రంగా ఉంది. అది ఏ గదిలో, ఏ కిటికీ పక్కన ఉండేదో, దాన్ని రోజూ ఎవరు తుడిచేవారో ఆ గాజు పెట్టె చెప్పదు. మీ ఇంట్లో ఆ సంగతి చెప్పగలిగిన పెద్దామె ఇంకా బతికే ఉంది. ఎనభై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం మూడింటికి లేచి చాయ్ అడుగుతుంది. ఆమె దగ్గర కూర్చోండి.

కూర్చుని "చరిత్ర చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "నాకేం తెలుసు, చదువుకున్నదాన్నా" అంటారు. మా పెద్దత్త కూడా అలాగే అంది. చిన్నగా అడగాలి. ఈ గది ఎవరిది? బావి ఎప్పుడు పూడ్చారు? కరెంటు ఏ ఏడాది వచ్చింది? పీర్ల పండక్కి ఆలం మీ ఇంటి ముందు ఆగేదా? బతుకమ్మ ఎక్కడ ఆడేవారు? బిర్యానీ దేగ్ ఎవరి దగ్గర నుంచి తెచ్చేవారు? ఏ కోడలు ఏ గుమ్మం దాటి బయటికి వెళ్లకూడదు? ఒక్కో ప్రశ్నకు పది మాటలు వస్తాయి. ఫోనులో రికార్డు చేయండి. చెబుతున్నది ఎవరో, ఏ తేదీనో మొదటే మీ గొంతుతో చెప్పండి.

జనానా వైపు, అంటే ఆడవాళ్లు ఉండే భాగానికి, ముందు వెళ్లండి. ఎప్పుడైనా ముందు పోయేది అదే. కోఠీ రెసిడెన్సీనే చూడండి. ఈమధ్య ఎంతో బాగా బాగుచేశారు, ఆ ఎత్తైన స్తంభాలు, దర్బారు హాలు చూస్తే కడుపు నిండుతుంది. కానీ దాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం కట్టించిన రంగమహల్‌ను 19వ శతాబ్దంలోనే పడగొట్టేశారు. మగవాళ్ల వైపు మర్దానా నిలిచింది, జనానా పోయింది. మన ఇళ్లలోనూ అంతే. తాతగారి ఫొటో హాల్లో ఉంటుంది, నానమ్మ పద్దు పుస్తకం బియ్యం డబ్బా కింద ఉంటుంది.

అలాగే దేవిడి చరిత్ర అంటే నవాబుగారు, రాజాగారు మాత్రమే అనుకోకండి. గేటు దగ్గర కాపలా ఉన్న అరబ్బు చౌషులు, వంట చేసిన మామాలు, బండీవాన్లు, పిల్లలకు పాలిచ్చి పెంచిన దాదులు, నీళ్లు మోసినవాళ్లు, ఏటా సున్నం కొట్టడానికి వచ్చిన కుటుంబాలు. వాళ్ల మనవలు చాలామంది అదే గల్లీలో ఉన్నారు. వాళ్లకు మీ ఇల్లు మీకంటే బాగా తెలిసే అవకాశం ఉంది. వాళ్ల పేర్లు కూడా రాయండి.

ఇల్లు మీ చేతిలోంచి ఎప్పుడో వెళ్లిపోయిందా? అయినా మీ మాటకు విలువ ఉంది. ఇర్రం మంజిల్ సంగతి చూడండి. 1870 ప్రాంతంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనం. ఇర్రం అంటే స్వర్గమట, మన తెలుగువాళ్లు ఎర్ర గుట్ట మీద ఉంది గనుక ఎర్రమంజిల్ అన్నారు. ఏళ్ల తరబడి సర్కారు ఆఫీసులుగా ఉంది. 2019లో దాన్ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లతో పాటు ఆ కుటుంబం వారసులూ గొంతు కలిపారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వాళ్లకు ఆ భవనంలో ఒక్క గజం వాటా కూడా లేదు. మా తాతది అనే మాట మాత్రం ఉంది.

చట్టాల గురించి ఎక్కువ రాయను. పాత భవనాలను కాపాడిన హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) 13వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో వారసత్వ చట్టం వచ్చింది. చట్టం జాబితాలో పెద్ద భవనాలకే చోటు. మీ ఇల్లు, మా ఇల్లు అందులోకి రావు.

రావు గానీ, చరిత్ర ఎక్కువగా జరిగింది అలాంటి ఇళ్లలోనే. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టింది రాంకోఠీలో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో. తెలుగు చదవడానికి చోటే లేని ఊళ్లో తన ఇంటి గదులు తెరిచారాయన. ఆయన పోయాక భార్య లక్ష్మీనరసమ్మగారు విరాళం ఇచ్చారు. 1921కి సుల్తాన్ బజార్‌లో సొంత భవనం లేచింది. అదే 1921 నవంబర్ 12న వివేకవర్ధిని హాలు సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావుగారిని గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మా తాతగారు ఆ సంఘం సభలకు వెళ్లేవారని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయనకు వచ్చిన ఉత్తరాలు, పిలుపు పత్రాలు ఆ ట్రంకు పెట్టెల్లోనే ఉండి ఉండాలి. ఆ నలభై రెండు కిలోల్లో.

అందుకే అడుగుతున్నాను. బిల్డర్‌ను మూడు నెలలు ఆగమనండి. పర్మిషన్లకే అంతకంటే ఎక్కువ పడుతుంది, ఆగుతాడు. ఒక ఆదివారం అందరూ కలిసి ట్రంకు పెట్టె, అటక, బీరువా వెనక, దేవుడి గది, తాళంచెవి పోయిన గది, అన్నీ తెరవండి. చదవడం రాదని ఏదీ పారేయకండి. ఉర్దూ, ఫార్సీ, మరాఠీ పాత రాత మోడీ లిపి, ఏదైనా సరే చదివేవాళ్లు ఊళ్లో ఉన్నారు. చిరిగిన కాగితానికి సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. కాగితం ఉక్కిరిబిక్కిరై కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి పాడైపోతుంది. మడతలు విప్పి, నూలు గుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా పెట్టండి. ఫొటోల వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. పెన్ను వద్దు. గదిగదినీ ఫొటో తీయండి, తలుపు గొళ్లెం దాకా. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలను పిలిస్తే కొలతలు తీసి ప్లాను గీసి ఇస్తారు. వాళ్లకు ఒక పూట అన్నం పెడితే చాలు. కాగితాలు ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి, ఫొటో కాపీలు మాత్రం ఆర్కైవ్స్‌కో, భాషా నిలయంలాంటి గ్రంథాలయానికో ఇవ్వండి. కొత్త అపార్ట్‌మెంట్ కింద లిఫ్ట్ పక్కన ఒక రాయి మీద పాత ఇంటి పేరు, కట్టిన ఏడాది చెక్కించాలని అగ్రిమెంటులోనే రాయించండి. మా అపార్ట్‌మెంట్‌కు ఇప్పుడు ఒక పువ్వు పేరు ఉంది. ఇక్కడ ఒక వకీలు ఇల్లుండేదని వాచ్‌మన్‌కు కూడా తెలియదు.

ఇదంతా ఒక్కళ్లే చేయడం టెన్షన్ అనిపిస్తే మమ్మల్ని పిలవండి. మేం ముగ్గురం ఉన్నాం. నాకు రాసుకోవడం వచ్చు. నా స్నేహితురాలు ఒక స్కూల్లో ఉర్దూ చెప్పి రిటైర్ అయింది, షికస్తా కూడా కూడబలుక్కుని చదువుతుంది. మూడో ఆయనకు కెమెరా ఉంది. మీ ఇంటి నుంచి ఒక్క కాగితం కూడా బయటికి తీసుకెళ్లం. మీ ఎదుటే చూసి, మీ ఎదుటే సర్ది పెట్టి వస్తాం. వాటాల సంగతి అడగం. పెద్దామెకు ఓపిక ఉన్నంతసేపే కూర్చుంటాం. ఎర్ర గుడ్డ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
కాచిగూడలో ఒకప్పటి వకీలుగారి ఇంటి మనవరాలు